పదిహేడో నంబరు చంద్రుడు

ఆ రోజుకి భద్రం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కా, ఎనిమిదిన్నరకి మ్యూజియం, పదకొండింటికి ప్రశంసాపత్రం, ఒంటిగంటకి భార్యతో కలిసి ఇంటికొచ్చి భోజనం. ఇందులో చంద్రుడి ప్రసక్తి ఎక్కడా లేదు.

భద్రం ఆయన అసలు పేరు కాదు. పాత వాద్యాల మ్యూజియంలో ఇరవై ఎనిమిదేళ్ళుగా స్టోరు కాపరి. ఏ డోలు బయటికి వెళ్ళినా, ఏ బూర లోపలికి వచ్చినా "భద్రం, భద్రం" అంటూ వెంట నడవడంతో ఆ మాటే పేరైపోయింది. మనిషి మంచివాడే గాని, అనుమానం పుట్టాక ఆయన పుట్టాడు. వాద్యాన్ని పంపేముందు తూస్తాడు, తిరిగొచ్చాక మళ్ళీ తూస్తాడు. ప్రతి బీరువాకీ తాళం వేసి, ఆ తాళం మీద లక్క పోసి సీలు వేస్తాడు. సెలవు రోజున కూడా షికారు పేరుతో మ్యూజియం మీదుగా నడిచి, కిటికీలోంచి సీళ్ళ క్షేమం కనుక్కుని వస్తాడు. తన టిఫిను డబ్బా మూత మీద కూడా సంతకం పెట్టుకుంటాడని గిట్టనివాళ్ళు అంటారు. అది మాత్రం అబద్ధం. మూత కింద కాగితం ముక్క పెడతాడు, అంతే.

ఇంట్లోనూ ఇదే వరస. బల్ల మీద ఎవరైనా పళ్ళెం లేకుండా గ్లాసు పెడితే ఆయనకి పై ప్రాణం పైనే పోతుంది.

"బల్ల పాడైతే మళ్ళీ కొనుక్కోవచ్చండీ. మీకేమైనా అయితే నేనెక్కడ కొననూ?" అంటుంది భార్య.

ఆయన లేచి వెళ్ళి పళ్ళెం తెచ్చి గ్లాసు కింద పెడతాడు.

ఆ ఉదయం ఇస్త్రీ చొక్కాకి మూడో గుండీ పెట్టుకుంటుండగా ఫోను మోగింది. అవతల ఫొటోలు తీసే అమ్మాయి. ఆ రోజు ప్రారంభం కావలసిన ప్రదర్శన ఆమెదే. మూడేళ్ళపాటు మ్యూజియం చుట్టూ తిరిగి, పాత వాద్యాల్ని అతి దగ్గర నుంచి ఫొటోలు తీసి, ఒక్కోదాని పక్కన వేధశాల వాళ్ళిచ్చిన ఆకాశం ఫొటో ఒకటి జత చేసింది. పగుళ్ళిచ్చిన కంచు తాళం పక్కన వలయాల గ్రహం, తుప్పు పట్టిన బూర పక్కన ఎర్ర గ్రహం, తీగలు తెగి వేలాడే వాద్యం పక్కన తోకచుక్క. అన్నిటినీ ఒకే కొలతలో, ఒకే గోధుమరంగులో అచ్చు వేయించింది. ఏది వాద్యమో ఏది ఆకాశమో కింద చీటీ చదివితే గాని తెలియకూడదని ఆ పిల్ల పట్టుదల.

"బాబాయ్, మీకు చెప్పకుండా ఒక పని చేశాను," అంది. చుట్టరికమేమీ లేకపోయినా ఆమె ఆయన్ని అలాగే పిలుస్తుంది. "మీరు పన్ను పీకించుకోడానికి సెలవు పెట్టారు చూడండి, ఆ రోజు ఆఫీసులో తాళంచెవి అడిగి స్టోరులోకి వెళ్ళాను. మూలన పదిహేడో నంబరు నగారా గోడవైపు తిరిగి కూర్చునుంది, తిట్లు తిన్న పిల్లలాగా. ఇటు తిప్పి చూశాను. అబ్బ! ప్రదర్శన మొత్తానికి అదే గొప్ప ఫొటో. చంద్రుడి పక్కనే పెట్టేశాను."

నాలుగో గుండీ భద్రం చేతిలోకి ఊడొచ్చింది.

"ఏమైందండీ? ఎవరూ?" అంది భార్య.

"ఎవరూ కాదు. నగారా."

"నగారా ఫోన్ చేస్తే మొహం అలా పాలిపోవాలా?" అని ఆవిడ అనుమానంగా చూస్తుండగానే, టిఫిను కూడా ముట్టకుండా ఆయన వీధిలో పడ్డాడు.

అసలు సంగతి ఇంకెవరికీ తెలియదు గనక ఇక్కడ చెప్పక తప్పదు. ఉద్యోగంలో చేరిన మూడో వారం, ఒక వానరోజు, స్టోరులో ఎవరూ లేని సమయం చూసి, భద్రం పొగలు కక్కే టీ గ్లాసుని పదిహేడో నంబరు నగారా మీద పెట్టాడు. రెండే రెండు నిమిషాలు. గ్లాసు తీసేసరికి ఎన్నో తరాల నాటి తోలు మీద గుండ్రంగా మరక కనిపించింది. గుడ్డతో తుడిచాడు, ఉమ్ముతో తుడిచాడు, చివరికి కన్నీళ్ళతో కూడా తుడిచాడు. అది పోలేదు. తలుపు మీద అప్పటికే ఒక బోర్డు, రంగు కూడా సరిగ్గా ఆరనంత కొత్తది, వేలాడుతోంది: "స్టోరులో టీ, కాఫీలు నిషిద్ధం. అతిక్రమించినవారిని ఉద్యోగం నుంచి తీసివేయగలము." భద్రం నగారాని పక్కకి ఒరిగించి గోడవైపు తిప్పేశాడు. ఆ తరవాత దాని మొహం సరిగా చూసిన పాపాన పోలేదు. తన తప్పు ఎవరో ఒకరు కనిపెడతారని ఆనాటి నుంచి అందరినీ అనుమానించడం మొదలుపెట్టాడు. జనం దాన్ని జాగ్రత్త అనుకున్నారు. ఆ జాగ్రత్త పెరిగి పెరిగి ప్రశంసాపత్రం దాకా వచ్చింది.

ఒక్క విషయం మాత్రం ఇన్నేళ్ళూ ఆయన్ని లోలోపల కెలుకుతూనే ఉంది. ఏడాదికోసారి దుమ్ము దులిపే మనుషులు నగారాని ఇటు తిప్పి వదిలేసి పోయేవారు. ఎవరూ చూడకుండా వెనక్కి తిప్పుదామని ఆయన వెళ్ళేసరికి, ఒక్కో ఏడాది అది అప్పటికే బుద్ధిగా గోడవైపు తిరిగి ఉండేది. అంటే ఎవరికో తెలుసు. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళుగా తేలలేదు.

ఆయన మ్యూజియం చేరేసరికి ప్రదర్శన హాల్లోకి ఇంకా ఎవరూ రాలేదు. ఎడమవైపు నగారా, కుడివైపు చంద్రుడు, మనిషెత్తున పక్కపక్కనే వేలాడుతున్నాయి. భద్రం నగారా ముందు నిలబడ్డాడు. తోలు మీద సన్నటి ముడతలు, చీకటి మచ్చలు, వాటి మధ్య కాస్త పక్కగా మెరుస్తూ ఆయన పాపం. నిజం చెప్పాలంటే అందంగా ఉంది. ఒక్క క్షణం చూసి, కళ్ళు కిందికి దించేసుకున్నాడు. కింద చీటీ ఉంది: "నగారా, స్టోరు నంబరు పదిహేడు. తోలు మీది ఈ గుర్తులు ఎలా వచ్చాయో ఇంతవరకూ ఎవరికీ తెలియదు."

ఎవరికీ తెలియకపోతే ఆ ముక్క రాయడమెందుకు? కావాలనే రాశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి తనంతట తనే వెళ్ళి చొక్కా మీద ఊడిన గుండీ చోటుని తడిమింది. ఇంకో రెండు గంటల్లో ఇదే హాల్లో తన చేతికి కాగితం ఇస్తారు. మొదటి వరసలో భార్య కూర్చుంటుంది. ఎవరో ఒకరు "పదిహేడో నంబరు ఏదీ, ఓసారి తీయించండి" అంటారు. అంతటితో సరి.

చీటీలు గోడకి మెత్తటి జిగురు ఉండలతో అంటించి ఉన్నాయి. భద్రం అటూ ఇటూ చూశాడు. నగారా కింద చీటీ పీకి చంద్రుడి కింద, చంద్రుడి చీటీ పీకి నగారా కింద అతికించాడు. ఇప్పుడా గుండ్రటి మరక చంద్రుడిది. చంద్రుణ్ణి స్టోరులోంచి తీయించమని ఎవరూ అడగరు కదా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆయన తేలిగ్గా నిట్టూర్చి చేతులు దులుపుకున్నాడు.

తొమ్మిదిన్నరకి మేస్త్రీ వచ్చాడు. డోళ్ళకీ నగారాలకీ తోళ్ళు బిగించే ముసలాయన. ఫొటోలన్నీ ఓపిగ్గా చూస్తూ వచ్చి, కుడివైపు చిత్రం ముందు ఆగి, చీటీ చదివి, చిత్రం చూసి, మళ్ళీ చీటీ చదివాడు.

"పురుగు!" అని కేక పెట్టాడు.

"ఎక్కడా?" భద్రం పరిగెత్తుకొచ్చాడు.

"ఇదిగో, ఒళ్ళంతా తూట్లే! తోలుపురుగు పట్టింది పదిహేడుకి. ఎన్నిసార్లడిగాను నేను, ఓసారి చూపించవయ్యా అని? ప్రతిసారీ 'దానికే రోగమూ లేదు' అన్నావు. ఇదిగో రోగం! అమ్మోరు పోసిన మొహంలా లేదూ?"

అది చంద్రుడయ్యా అని భద్రం అంటే చీటీల సంగతి బయటపడుతుంది. అనకపోతే స్టోరులో పురుగు పడింది. కాపరి ఉండగా స్టోరులో పురుగు పడటమంటే టీ మరక దాని ముందు దిగదుడుపే.

"మూణ్ణెల్లకోసారి మందు కొట్టిస్తూనే ఉన్నానే," అన్నాడు నీరసంగా.

"ఏం మందు కొట్టించావో ఏమో, అది బలానికి తాగినట్టుంది పురుగు. ఒకదానికి పట్టిందంటే పక్కదాన్ని వదలదు. స్టోరు మొత్తం ఖాళీ చేయించాలి. ముందు పదిహేడుని బయటికి తీద్దాం పద."

ఆ సమయానికి డైరెక్టర్ మేడమ్ వచ్చారు. ఎప్పటిలాగే ఆవిడ చేతిలో పెద్ద పింగాణీ మగ్గు ఉంది. చదువుకునే రోజుల నుంచీ ఉన్న మగ్గు అది. అడుగున ఒకచోట పెచ్చు లేచిపోయి, ఎక్కడ పెట్టినా టక్కుమంటూ ఒక పక్కకి ఒరుగుతుంది. కొత్తది కొనుక్కోమని ఎంతమంది చెప్పినా ఆవిడ వినరు. భద్రం చేరిన రోజుల్లో ఆవిడ ఇదే మ్యూజియంలో జాబితాలు రాసే చిన్న ఉద్యోగి. స్టోరు తలుపు మీది బోర్డు రాయించింది కూడా ఆవిడే.

"మేడమ్, పదిహేడో నంబరుకి పురుగు పట్టింది. ఇప్పుడే బయటికి తియ్యాలి," అన్నాడు మేస్త్రీ.

మగ్గులో టీ తొణికి మేడమ్ చెయ్యి కాలింది. ఆవిడ ఫొటో వైపు గబుక్కున చూశారు. కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఇంకాస్త దగ్గరకొచ్చి చూశారు. తరవాత ఎందుకోగాని నెమ్మదిగా ఊపిరి వదిలారు.

"పదిహేడుని ఇప్పుడు కదపొద్దు," అన్నారు.

"పురుగు మేడమ్!"

"పురుగైతే మాత్రం ఇవాళే పారిపోతుందా? రేపు చూద్దాం. ఎల్లుండి చూద్దాం. భద్రం గారూ, స్టోరు తాళం తియ్యకండి."

భద్రం ఆనందంతో తల ఊపాడు. ఊపడం పూర్తికాకముందే అనుమానం తల ఎత్తింది. ఈవిడ తనని ఎందుకు కాపాడాలి? గ్లాసు గుర్తు సంగతి తెలిసే ఉంటుంది. ఇన్నాళ్ళూ నగారాని గోడవైపు తిప్పింది కూడా ఈవిడే అయ్యుంటుంది. పదకొండింటిదాకా ఆగి, విలేకరుల ముందు, భార్య ముందు, చేతిలో కాగితం పెట్టి మరీ పరువు తీయాలని చూస్తోంది. పులి దూరంగా కూర్చుందంటే దానికి ఆకలి లేదని కాదు.

పది కాకముందే ముఖ్య అతిథి వచ్చేశారు. వేధశాల పెద్ద. ముప్పై ఏళ్ళుగా చంద్రుడి మీది బిలాల్ని ఒక్కొక్కటే కొలిచి పటం గీసిన ప్రొఫెసరు. ఆ పటాల పుస్తకం ఆ నెల్లోనే అచ్చవుతోంది. వేదిక కన్నా ముందు తన చంద్రుణ్ణి చూసుకుందామని ఆయన నేరుగా ఎడమవైపు చిత్రం దగ్గరకి నడిచారు. చీటీ చూసి ముచ్చటపడ్డారు. చిత్రం చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు. జేబులోంచి భూతద్దం తీశారు. భూతద్దం కూడా తుడుచుకున్నారు.

భద్రం స్తంభం చాటు నుంచి చూస్తున్నాడు. మరక మీద భూతద్దం పెట్టే మనిషిని ఎవరు నమ్ముతారు? ఖగోళ శాస్త్రజ్ఞుడి వేషంలో వచ్చిన తనిఖీ అధికారి కాదు కదా?

ఉన్న చోటే ఉంటే ఇంకా అనుమానం వస్తుందని, కుర్చీలు సర్దుతున్నట్టు నటిస్తూ ఇటు తిరిగాడు. అప్పుడు వెనక నుంచి గద్దింపు వినబడింది.

"నిజం చెప్పు. ఎంతకాలం నుంచి దాస్తున్నావ్?"

భద్రం చేతిలో కుర్చీ కింద పడింది. వెనక్కి తిరగకుండానే, "ఇరవై ఎనిమిదేళ్ళు సార్," అనేశాడు.

తిరిగి చూస్తే ప్రొఫెసరు చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఉన్నారు.

"ఏమిటీ?" అన్నారు.

"సర్వీసు సార్. నా సర్వీసు," అన్నాడు భద్రం, చెమట తుడుచుకుంటూ.

ప్రొఫెసరు మళ్ళీ ఫోనులోకి తిరిగారు. అవతల ఉన్నది వేధశాలలో ఆయన సహాయకుడు. "ఇంత బిలం నా పటంలో లేదు. నా కంట పడకుండా దాచి, నీ పేరు పెట్టుకుందామనా? ఏడవకు. ఏడుపుకీ శాస్త్రానికీ సంబంధం లేదు. ఏమిటీ, మనం పంపిన ఫొటోలో అలాంటిది లేదా? ఒట్టు వేస్తావా? అయితే ఇక్కడ ఎవరో కలిపారన్నమాట!"

ఫోను జేబులో పెట్టి, ప్రొఫెసరు మేడమ్ దగ్గరకి వెళ్ళారు. ఈ ఫొటో దొంగదనీ, ఎవరో చంద్రుడి మీద లేని బిలాన్ని సృష్టించారనీ, ఇది శాస్త్రం మీద జరిగిన దాడి అనీ చెప్పారు. "ఇక ఈ హాలు సాక్ష్యం. తాళం వెయ్యండి. ఎవరూ లోపలికి పోవద్దు."

తాళం అన్న మాట వినగానే భద్రం కాళ్ళకీ చేతులకీ బుద్ధితో పని లేకుండా పోయింది. తలుపు మూశాడు, తాళం వేశాడు, లక్క కరిగించి సీలు కూడా కొట్టాడు. పదిహేడుని బయటికి తీసేదాకా కదలనంటూ మేస్త్రీ అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అప్పుడుగాని భద్రానికి తెలిసిరాలేదు, చీటీలు మళ్ళీ మార్చి గండం గట్టెక్కే దారి ఏదైనా ఉంటే అది ఆ తలుపు వెనకే ఉండిపోయిందని. ఆయన వేసిన సీలుని ఎవరికీ తెలియకుండా విప్పడం ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరివల్లా కాలేదు. ఆయన వల్ల కూడా కాదు.

ఫొటోల అమ్మాయి ప్రదర్శన పుస్తకాల కట్ట మోసుకుంటూ పదిన్నరకి వచ్చింది. అందరూ మేడమ్ గదిలో ఉన్నారు. ఆమె నవ్వు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"చంద్రుడికి బిలం పెట్టింది మీరేనా?" అన్నారు ప్రొఫెసరు.

"నేనేం పెట్టలేదు సార్. మీరు పంపిన ఫొటోనే. వెంట్రుకవాసి కూడా మార్చలేదు."

"నా కళ్ళతో చూశాను. పదకొండింటికి విలేకరులొస్తారుగా, వాళ్ళ ముందే చెబుతాను. ఒక్క చంద్రుడే దొంగవాడైతే మిగతా గ్రహాలన్నీ దొరలని నమ్మకమేమిటి? మొత్తం ప్రదర్శనే బూటకం."

"మూడేళ్ళు సార్," అందా అమ్మాయి. "ఇంకో పని పెట్టుకోకుండా ఇదే చేశాను." అంటూ భద్రం వైపు తిరిగింది. "బాబాయ్, మీరైనా చెప్పండి. ఈ మ్యూజియంలో మీ కళ్ళు కప్పి ఎవరైనా ఏదైనా చేశారా? వాద్యం ముట్టుకునేముందు ఉంగరం తీసి పక్కన పెట్టేదాన్ని. నేను దొంగపని చేసేదాన్నేనా? ఒక్కసారి తలుపు తియ్యండి, చూసి చెబుతాను."

ఆమె చెప్పింది నిజం. ఆమె ఉంగరం తీయడం భద్రం ప్రతిసారీ బీరువా చాటు నుంచి చూశాడు. చూడటానికే దాక్కున్నాడు. మూడేళ్ళు దాక్కుని చూసినా ఆ పిల్లలో ఒక్క తప్పు దొరకలేదు. ఆయన అనుమానం ఓడిపోయింది ఈ ఒక్క మనిషి దగ్గరే. అందుకు మొదట్లో కోపం వచ్చేది, తరవాత తరవాత ఆమె రాని రోజు స్టోరు బోసిగా ఉండేది.

బల్ల మీద ప్రశంసాపత్రం ఉంది. సంతకం ఇంకా కాలేదు. "ఇరవై ఎనిమిదేళ్ళ సేవలో ఏ వాద్యం మీదా ఒక్క మచ్చ కూడా పడనివ్వని..." అన్నంతవరకూ తలకిందులుగానే చదివాడు. భార్య ఎప్పుడొచ్చిందో, కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ కాగితం ఏ గోడకి పెట్టాలో నిన్న సాయంత్రమే మేకు కూడా కొట్టించింది. ఆయనకి ఆ మేకు గుర్తొచ్చింది. అమ్మాయి కళ్ళలో నీళ్ళు కూడా కనిపించాయి.

"తలుపు తీస్తాను," అన్నాడు. "కాని అందులో మీరు చూసింది చంద్రుడు కాదు సార్."

మేస్త్రీని స్టూలు మీంచి లేపి, తన సీలుని తనే పగలగొట్టి, అందరినీ ఎడమవైపు చిత్రం దగ్గరకి తీసుకెళ్ళాడు.

"చీటీలు మార్చింది నేను. ఇది పదిహేడో నంబరు నగారా. ఆ బిలం... నా టీ గ్లాసు. ఉద్యోగంలో చేరిన మూడో వారంలో పెట్టాను. అమ్మాయి తప్పు లేదు, ఎవరి తప్పూ లేదు. ఆ కాగితం నాకు వద్దు మేడమ్."

ముందుగా తేరుకున్నది మేస్త్రీ.

"మరి పురుగు?"

"అది చంద్రుడు."

మేస్త్రీ కుడివైపు చిత్రాన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "పోనీలే. అంత పైకెక్కి మందు కొట్టడం మన వల్లయ్యే పని కాదు," అన్నాడు.

భార్య గుమ్మం దగ్గరే నడుం మీద చెయ్యి వేసుకుంది. "అంటే, ఇంట్లో గ్లాసు కింద పళ్ళెం లేకపోతే ఇన్నేళ్ళూ నన్ను కాల్చుకు తిన్నది ఇందుకా!" అంది. తిట్టిందే గాని, దగ్గరకొచ్చి ఆయన పక్కనే నిలబడింది.

ఒప్పుకోనిది ప్రొఫెసరు ఒక్కరే. ముప్పై ఏళ్ళు చంద్రుణ్ణి చదివిన కళ్ళు టీ మరకని చూసి మోసపోయాయంటే ఆయన నమ్మదలచుకోలేదు. ఈయన ఆ అమ్మాయిని కాపాడటానికి నేరం నెత్తిన వేసుకుంటున్నాడని ఆయన అనుమానం. "రుజువు కావాలి. నగారా తెప్పించండి. గ్లాసు కూడా తెప్పించండి," అన్నారు.

"అంత అవసరమంటారా?" అన్నారు మేడమ్, మగ్గుని రెండు చేతులా గుండెకి హత్తుకుని. ఆవిడ మాట ఎవరూ వినిపించుకోలేదు.

నగారా వచ్చింది. భద్రం ఇంకా పాత గ్లాసునే వాడుతున్నాడు గనక గ్లాసు కూడా వచ్చింది. ప్రొఫెసరు స్కేలుతో కొలిచారు, భూతద్దంతో చూశారు. మొహంలో ఓటమి కనిపించింది. అంతలోనే మళ్ళీ వెలుగొచ్చింది.

"గ్లాసు సరిపోయింది. కాని ఇక్కడ వలయాలు రెండున్నాయి."

"రెండా?" అన్నాడు భద్రం.

"చిన్నది నీది. పెద్దది వేరే. ఏది ముందు పడిందో, ఏది తరవాత పడిందో చెప్పడమే నా వృత్తి. పెద్దది ముందు పడింది. నీ చిన్నది దాని అంచు తొక్కుతూ తరవాత వచ్చింది. ఇంకో విచిత్రం చూడు, పెద్దదాని అంచు ఒకచోట తెగిపోయింది. ఏదో పెచ్చు ఊడినట్టు."

భద్రం వంగి చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ తోలుని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. అవును, రెండు. ఆ వానరోజున కన్నీళ్ళ మధ్య ఆయనకి ఒకటే కనబడింది. తను పాడు చేసింది అప్పటికే పాడైన నగారానన్నమాట! గుండె మీంచి బండరాయి దిగినట్టయింది. మరుక్షణమే ఆ ఖాళీ చోటులోకి పాత అనుమానం వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ పెద్దది ఎవరిది?

మేస్త్రీ వైపు చూశాడు.

"నాకు టీ పడదు. కడుపుబ్బరం," అన్నాడు మేస్త్రీ.

అలవాటుగా భార్య వైపు కూడా చూశాడు.

"మీ స్టోరు మొహం నేనెప్పుడు చూశానండీ?" అంది ఆవిడ.

మేడమ్ వైపు చూద్దామనుకునేసరికి ఆవిడ అక్కడ లేరు. ప్రశంసాపత్రం మీద సంతకం చెయ్యాలంటూ గదిలోకి వెళ్ళిపోయారు.

పదకొండుకి ప్రదర్శన అనుకున్నట్టే మొదలైంది. అమ్మాయి కళ్ళు తుడుచుకుని కొత్త చీటీ రాసింది: "నగారా, స్టోరు నంబరు పదిహేడు. చిన్న వలయం ఎలా వచ్చిందో తెలిసింది. పెద్దది ఎలా వచ్చిందో ఇంకా తెలియాలి." అన్నిటికన్నా ఎక్కువమంది ఆ చిత్రం ముందే నిలబడ్డారు. ప్రొఫెసరు సహాయకుడికి ఫోన్ చేసి "ఇందాక నేనేమీ అనలేదు" అని చెప్పి, వేదిక ఎక్కి, ఆకాశానికీ సంగీతానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడుతూ, అది చంద్రుడు కాదని తాను చూడగానే గ్రహించినట్టు సభకి తెలియజేశారు. జనం చప్పట్లు కొట్టారు.

భద్రం వెనక వరసలో కూర్చుని వచ్చినవాళ్ళ చేతుల్లోని కప్పుల అడుగులు చూస్తుండగా మైకులో తన పేరు వినబడింది. భార్య మోచేత్తో పొడిచింది. నమ్మలేకపోతూనే వేదిక ఎక్కాడు. మేడమ్ కాగితం అందించారు. అచ్చు వాక్యంలో ఒక మాట కొట్టేసి, పైన పెన్నుతో దిద్ది ఉంది: "ఇరవై ఎనిమిదేళ్ళ సేవలో ఏ వాద్యం మీదా ఒక్క మచ్చ కంటే ఎక్కువ పడనివ్వని..."

కింద మేడమ్ సంతకం. సంతకం పక్కన, హడావుడిలో కాగితం మీద దేన్నో పెట్టి తీసినట్టు, ఇంకా తడి ఆరని గుండ్రటి మరక. పెద్దదే. దాని అంచు ఒకచోట తెగిపోయి ఉంది.

భద్రం తలెత్తి చూశాడు. మేడమ్ ఆ పాటికే ఆయన్నే చూస్తున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఇద్దరూ ఒకే నగారాని వంతులవారీగా గోడవైపు తిప్పారన్న సంగతి ఆ చూపుల్లోనే తేలిపోయింది. సభ ఇంకా చప్పట్లు కొడుతోంది.

"భద్రం గారూ," అన్నారు మేడమ్ చాలా మెల్లగా, "టీ తాగుతారా?"

"పళ్ళెం ఉంటే తాగుతాను మేడమ్," అన్నాడు భద్రం.

మర్నాడు ఫ్రేము కట్టే అతను కాగితం తిప్పి చూసి, అడుగున మరక పడిందనీ, అంగుళం కత్తిరిస్తే కనబడకుండా పోతుందనీ కత్తెర తీశాడు.

"ముట్టుకోకు. అది ఆఫీసు సీలు," అన్నాడు భద్రం.